రుచి కూడా చూడకుండా గరం మసాలా వేసేశాడండీ

నిన్న రాత్రి జరిగింది, నాకింకా చల్లారలేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. ఓపిక లేనివాళ్ళు స్క్రోల్ చేసుకుని పొండి, ఏమీ అనుకోను.

మా ఆయన ఫ్రెండ్ వాళ్ళ ఫ్యామిలీని భోజనానికి పిలిచాం. మేముండేది అమెరికాలో, క్లీవ్‌లాండ్ పక్కన, లేక్ మీంచి మంచు కొట్టడం మొదలైతే కారు ఎక్కడ పార్క్ చేశామో కూడా వెతుక్కోవాలి, అలాంటి రోజు. అలాంటి చలికి నేను వండేది ఒకటే, హాంబర్గర్ గ్రేవీ. వెన్న వేసి మెత్తగా మెదిపిన బంగాళాదుంప కింద, దాని నడిమధ్యలో గరిటెతో గుంట చేసి అందులో వేడివేడి బీఫ్ గ్రేవీ, పక్కన కాసిని బఠాణీలు. అంతే. ఇక్కడి ముసలమ్మలు డెబ్బై ఎనభై ఏళ్ళుగా చేసుకునే వంట. ఫోటో తీస్తే బురదలా కనిపిస్తుంది, అది ఒప్పుకుంటా.

వాళ్ళ బుజ్జోడికి ఆకలేస్తోందంటే వాడికి ముందే కాస్త పెట్టేశా. నేనేమో దుంపలు మెదుపుతున్నా. ఆ ఫ్రెండ్, నేను అన్నయ్య అంటాలెండి, వంటింట్లోకి వచ్చాడు, మూత తీశాడు, "ఏంటి చెల్లెమ్మా ఇలా తెల్లగా ఉంది, కారం వెయ్యడం మర్చిపోయావా" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నా. ప్లేట్లు తీద్దామని అటు తిరిగా. ఇటు తిరిగేసరికి పోపులడబ్బా పక్కనున్న గరం మసాలా సీసా ఆయన చేతిలో ఉంది, గరిటె నా గ్రేవీలో గిరగిరా తిరుగుతోంది. స్పూనున్నర వేశాడండీ. నేను కళ్ళారా చూశా, స్పూనున్నర! ముందు రుచి చూశాడా? నాలిక్కి కూడా తగిలించలేదు. పైగా "ఇప్పుడు చూడు ఎలా ఉంటుందో" అని నాకేదో ప్రాణం పోసినట్టు మొహం పెట్టాడు.

మా ఆయన ఏమన్నాడో తెలుసా? "పోన్లేవే, చనువుకొద్దీ వేశాడు" అన్నాడు. చనువంట. ఈయన వాళ్ళింటికెళ్ళి ఆవిడ చేసిన సాంబార్లో గుప్పెడు పంచదార పోసి "చనువు" అనమనండి, చూద్దాం.

అసలు ఆ గ్రేవీ నాకెలా వచ్చిందో చెప్పాలి. మేమీ ఊరొచ్చిన మొదటి చలికాలం, అద్దెకున్న ఇంట్లో కింద ఓనరు, ఎనభై దాటిన పెద్దావిడ. హీటర్ చెడిపోయి నేను వణుకుతూ కిందకెళ్తే, రిపేరువాడికి ఫోన్ చేసి, వాడు వచ్చేలోపు నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి ఒక ప్లేటు ముందు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకేం గుర్తొచ్చిందో చెప్తే నవ్వుతారు, ముద్దపప్పూ నెయ్యీ గుర్తొచ్చాయి. రుచి అది కాదు. ఆ మెత్తదనం, గొంతు దిగాక పొట్టలో వెచ్చగా కూర్చునే ఆ తీరు. మర్నాడు వెళ్ళి నేర్పమన్నా.

ఆవిడ కొలతలు నాకు కంఠతా వచ్చు. ఒక పౌను గ్రౌండ్ బీఫ్, అది 80/20 రకం, అంటే ఇరవై పాళ్ళు కొవ్వు. 93 శాతం లీన్, అంటే కొవ్వు తక్కువది, తెచ్చావంటే ఇంట్లోకి రావద్దంది నన్ను, ఆ కొవ్వులోనే కదా పిండి వేగాల్సింది. మూకుడు బాగా కాలాక మాంసం వేసి వెంటనే కెలక్కూడదు, అలా వదిలేయాలి, అడుగున ఎర్రగా అంటుకోవాలి. మనవాళ్ళు ఇక్కడే చెడగొడతారు, వేసీ వెయ్యగానే గరిటె పెట్టి తిప్పేస్తారు, నీళ్ళూరిపోయి ఉడికిన కీమా అవుతుంది, బూడిదరంగులో. ఎర్రబడ్డాక ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి, అది మెత్తబడ్డాక మూడు స్పూన్లు మైదా జల్లి, పచ్చివాసన పోయేదాకా వేయించాలి. (పచ్చివాసన అనే మాట ఇంగ్లీషులో ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక ముక్కు ఎగబీల్చి చూపించా, వెంటనే అర్థమైపోయింది.) తర్వాత బీఫ్ బ్రాత్ (మాంసం ఉడికించిన రసం) కొంచెం కొంచెంగా, ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, అడుగున అంటుకున్నదంతా గీకుతూ కలుపుకోవాలి. ఆ అడుగే అసలు రుచి. ఆఖర్న కాసిని పాలు, ఉప్పు, చేత్తో కాదు మిల్లులో తిప్పిన మిరియాలు బోలెడు, రెండు మూతలు వూస్టర్‌షైర్ సాస్. సిమ్‌లో పది నిమిషాలు.

ఇప్పుడు "వీళ్ళ తిండికి రుచీ పచీ లేదు" అనే మేధావులకి ఒక మాట. ఆ వూస్టర్‌షైర్ సీసా తిప్పి వెనకాల చదివారా ఎప్పుడైనా? లీ అండ్ పెరిన్స్ వాళ్ళ సీసా మీద చూడండి, వెనిగరు, మొలాసిస్, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పులో ఊరిన చిన్న చేపలు, ఇంకా చింతపండు. అవును, చింతపండే! 1837 నుంచి వాళ్ళు సీసాలో పోసి అమ్ముతోంది పులుసు కాక ఏంటది? మా అమ్మ ఎండుచేపల పులుసుని నాలుగు నెలలు మూతపెట్టి ఉంచితే అదే అయ్యేది. అలాంటిది వేసిన గ్రేవీ ఈ అన్నయ్యకి చప్పగా కనిపించింది. కనిపించింది అంటున్నా గమనించండి, నోట్లో పెట్టుకోలేదు కాబట్టి.

చప్పన అంటే గుర్తొచ్చింది, పెరుగన్నం ఏంటి మరి? కాస్త ఉప్పేసి కలిపిన పెరుగన్నం తింటూ "ఆహా ప్రాణం లేచొచ్చింది" అంటారు కదా, అందులో వెయ్యండి స్పూనున్నర గరం మసాలా. వెయ్యరు. అది మనది కాబట్టి అందులో చప్పన కూడా ఒక రుచే. ఎదుటోడిదైతే వాడికి వండటం రాదు.

ఇక్కడివాళ్ళూ ఇదేదో షోకు కోసం కనిపెట్టలేదు. మా ఓనరావిడ చిన్నప్పుడు ఇంట్లో ఏడుగురు పిల్లలంట, మాంసం ఒక్క పౌను. పిండీ పాలూ పోసి పెంచితేనే ఏడు ప్లేట్లలోకి వచ్చేది. గుంటూరు దగ్గర మా ఊళ్ళో మా అమ్మ చేసిందీ అదే కదా. చర్చి నుంచి రాగానే కిలో పెద్ద మాంసం, తినేవాళ్ళం తొమ్మిదిమందిమి, సగం గోంగూర, సగం నీళ్ళు. ఎవరి ముక్కలు వాళ్ళం లెక్కపెట్టుకునేవాళ్ళం. అక్కడ పులుసు, ఇక్కడ గ్రేవీ, లెక్క ఒకటే. ఆవిడ భర్త ఆర్మీలో చేశాడంట, ఇలాంటిదాన్నే రొట్టెముక్క మీద పోసి పెడితే సిపాయిలు దానికో బూతుపేరు పెట్టుకున్నారంట, పెంకు మీద ఏదో అని, నేను రాయను. 1910లో అచ్చయిన ఆర్మీ వంటల పుస్తకంలోనే దాని మూలం ఉంది, కాకపోతే అందులో ఎండబెట్టిన బీఫ్ వాడేవాళ్ళు. ఎండబెట్టిన మాంసం అనగానే మా నాయనమ్మ దండెం మీద ఆరేసిన తునకలు, కింద కాపలా కూర్చున్న నేను, పైన కాకులు... సరే అది ఇంకో పోస్టు.

ఇంకో సంగతి, దీనికి పెద్దన్నలాంటి సాలిస్‌బరీ స్టేక్ ఉంది చూశారా, గ్రేవీలో మునిగిన బీఫ్ వడ, దానికి ఆ పేరొచ్చింది జేమ్స్ సాలిస్‌బరీ అనే డాక్టర్ వల్ల. ఆయన క్లీవ్‌లాండ్‌లోనే వైద్యం చేశాడు, అంటే మా ఊరాయనే అనుకోండి. అన్ని రోగాలకీ మందు తరిగిన బీఫే అని, పూటపూటా అదే తిని వేడినీళ్ళు తాగమని 1888లో పెద్ద పుస్తకం రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో హాంబర్గర్ అంటే జర్మన్ పేరులా ఉందని కొంతమంది ఈ పేరే వాడారంట. పేరు మారిస్తే తినేది మారిపోయినట్టు! ఇది మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇందులో మనం పీహెచ్‌డీలు. అక్కడికే వస్తున్నా.

ఎందుకంటే నాకు అసలు మండింది గరం మసాలాకి కాదు. మసాలా వేశాక ఆయన అన్న మాటకి. "అలా వేస్తేనే చెల్లెమ్మా, లేకపోతే బీఫ్ వాసన రాదూ" అన్నాడు. ఈ మాటన్నది ఎవరు? ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు డ్రైవ్‌త్రూలో డబుల్ చీజ్‌బర్గర్ లాగించి, కారులోనే చూయింగ్ గమ్ నమిలి, ఇంటికొచ్చి పులిహోర తినే మనిషి. బర్గర్‌లో వాసన రాదు. స్టేక్‌హౌస్‌లో నలభై డాలర్లిచ్చి మీడియం రేర్ తింటే వాసన రాదు, అది స్టేటస్. నా వంటింట్లో, నా మూకుట్లో ఉంటే వాసన. తినని వాళ్ళంటే నాకేం కోపం లేదు, వాళ్ళకి నేనే విడిగా పప్పూ వేపుడూ చేసి పెడతా. "ఇక్కడి ఆవు వేరు, మన ఆవు వేరు" అని వీసా స్టాంపింగ్‌తో పాటు మినహాయింపు తెచ్చుకున్నవాళ్ళతోనే నా తగాదా. మా ఊళ్ళో మేం తిన్నది ఆవు కూడా కాదు బాబూ, దున్నా గేదే. దానికే మా వీధి పేరు చెప్తే ముక్కు పట్టుకునేవాళ్ళు.

ఆ మూకుడు సంగతి కూడా వినండి. టెక్సాస్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు నలుగురు అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్. వెళ్ళిన రెండో వారం నేను బీఫ్ ఫ్రై చేసుకుంటే మీటింగ్ పెట్టారు. నిజంగానే మీటింగ్, సోఫాలో ముగ్గురూ ఒకవైపు, నేను కింద కార్పెట్ మీద. "మేమేం అనట్లేదే, నువ్వు నీ గిన్నె వేరే పెట్టుకో, ఫ్రిజ్‌లో కింద అర నీది, గరిటె కలపకు" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు, అదే నొప్పి, కేకలేస్తే నేనూ వేసేదాన్ని. మర్నాడు బస్సెక్కి పాత సామాన్ల షాపుకెళ్ళి ఏడు డాలర్లకి ఒక ఇనప మూకుడు కొన్నా, తుప్పు పట్టి ఉంది, ఉప్పేసి రుద్ది రుద్ది, నూనె రాసి ఓవెన్లో కాల్చి కాల్చి నల్లగా అద్దంలా చేసుకున్నా. ఆ ముగ్గుర్లో ఒకమ్మాయి పోయిన నెల నాపాలో వైనుతో వాగ్యూ బర్గర్, అంటే ఖరీదైన బీఫ్ బర్గరే, తింటున్న ఫోటో పెట్టింది. నేను హార్ట్ కొట్టా. ఏం చేస్తాం.

నిన్న అన్నయ్య గరిటె తిప్పింది ఆ మూకుట్లోనే.

ఇంకా ఉంది. ఈ ఊరొచ్చిన కొత్తలో మనవాళ్ళ పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే విందు) మటన్ కూర పట్టుకెళ్ళా. మటనే, హలాల్ షాపులో రెండు పౌన్లు కొని, గసగసాలు నూరి, మూడు గంటలు నిలబడి వండా. ఒకావిడ మూత తీసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి "ఏ గిన్నెలో వండావమ్మా" అంది. ఏం వండావు అని కాదు. ఏ గిన్నెలో! ఆ రోజు నా కూర నేనూ మా ఆయనా ఇద్దరమే తిన్నాం, మిగిలింది మళ్ళీ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. కారులో మా ఆయన "ఉప్పు కొంచెం ఎక్కువైందేమోలే" అన్నాడు. ఉప్పు ఎక్కువవ్వలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ తర్వాత నుంచి ఏ పాట్‌లక్ అయినా నాకు వచ్చే వంతు ఏంటో చెప్పనా? పేపర్ ప్లేట్లు. మూడేళ్ళుగా పేపర్ ప్లేట్లు, గ్లాసులు, కూల్‌డ్రింకులు. "నీకెందుకమ్మా శ్రమ, జాబ్ చేస్తున్నావు" అంటారు. అందరూ జాబే చేస్తున్నారు!

సరే, నిన్నటి సంగతి. ఏమీ అనకుండా ప్లేట్లు పెట్టా, అందరూ తిన్నారు, అన్నయ్య రెండుసార్లు వడ్డించుకుని "చూశావా, నేను చెయ్యి పెడితే ఎలా ఉందో" అన్నాడు. దాల్చినచెక్కా లవంగం పాలలో కలిసి అదోరకం వాసన, పాయసంలో కీమా పడ్డట్టుంది నాకైతే. గ్రౌండ్ బీఫ్ పౌను ఆరు డాలర్లు దాటిపోయింది, ఈ దేశంలో పశువుల మంద 1951 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదంట, పేదోళ్ళ కూర అని పేరుపడ్డది ఇవాళ పేదోళ్ళు కొనేలా లేదు, అలాంటిది మూడు పౌన్లు తగలేశాడు మహానుభావుడు.

మసాలా పడకముందు తిన్నది వాళ్ళ బుజ్జోడొక్కడే. ఆరేళ్ళు వాడికి. ప్లేటు నాకి పెట్టాడు. "ఆంటీ, గుంట మళ్ళీ చెయ్యి" అని దుంపలు చూపించాడు, నేను గుంట చేశా, పొయ్యడానికి మంచి గ్రేవీ లేదు. వెన్న ముక్క వేసి ఇచ్చా.

ఇది టైప్ చేస్తుండగానే వాట్సాప్‌లో లిస్టు వచ్చింది, వచ్చే శనివారం పాట్‌లక్, అన్నయ్య వాళ్ళింట్లోనే. వాళ్ళావిడ పంపింది, ఎవరేం తేవాలో పేర్లతో సహా. బిర్యానీ ఒకరు, గుత్తొంకాయ ఒకరు, చికెన్ సిక్స్టీఫైవ్ ఒకరు. కింద చివర్లో నా పేరు, పక్కన ముందే నింపేసి ఉంది: ప్లేట్లు 60, పెద్ద సైజువి.