పల్చటి కవర్లను సీసాలతో కలపొద్దు

సరుకులు తెచ్చుకున్న పల్చటి కవరును సీసాలు, డబ్బాలతో పాటు రీసైక్లింగ్ బుట్టలో వేస్తే బాధ్యత తీరిందనుకుంటాం. నిజానికి ఆ కవరు ఎక్కువ నష్టం చేసేది అక్కడే.

వేరుచేసే కేంద్రాల్లో వరుసగా తిరిగే ఇరుసులు, వాటికి బిగించిన చక్రాల మీదుగా చెత్త వెళ్తుంది. సీసాలు దొర్లుకుంటూ పోతాయి. కవర్లు ఇరుసులకు చుట్టుకుంటాయి. పొర మీద పొర చేరి చక్రాల మధ్య సందులు పూడుకుపోతాయి. ఇక యంత్రాన్ని ఆపి, కార్మికులు లోపలికి దిగి కత్తులతో కోసి లాగాల్సిందే. ప్రమాదకరమైన పని అది. ఇంట్లో ఒక్క నిమిషం శ్రద్ధ పెడితే తప్పేది.

కవరు కరగదా అంటే, బాగానే కరుగుతుంది. గరగరలాడే రకం హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత గల పాలిథిన్), సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మెత్తగా సాగే ఎల్‌డీపీఈకి (తక్కువ సాంద్రత గల పాలిథిన్) 110 చాలు. చిక్కంతా తడితోనే. పల్చటి పొరకు బరువు తక్కువ, వైశాల్యం ఎక్కువ. కడిగిన నీరు ఓ పట్టాన వదలదు. ఆ తడితోనే కరిగిస్తే ఆవిరి పుట్టి, కరిగిన ప్లాస్టిక్‌తో చేసే గుళికల్లో బుడగలు మిగులుతాయి. ఆ గుళికలతో మళ్లీ పల్చటి షీటు తీస్తే బుడగ ఉన్నచోటల్లా చిల్లు పడుతుంది. పైగా ముక్కలు చేసిన కవర్లు దూదిలా తేలికై యంత్రపు గరాటులోంచి కిందికి జారవు. ముందు వాటిని నొక్కి ముద్దలు చేయడానికి మరో యంత్రం కావాలి. ఒక్కో కవరు 6 గ్రాములు తూగితే కిలోకు 160కి పైగా కావాలి. శుభ్రంగా, పొడిగా ఒకేచోట పోగుపడితే తప్ప ఈ ఖర్చు గిట్టదు.

అందుకే బిల్లులు, స్టిక్కర్లు, టేపులు తీసేయండి. దులిపి, ఆరబెట్టి, అన్నిటినీ ఒకే కవరులో కుక్కండి. కవర్లు విడిగా తీసుకునే చోటే ఇవ్వండి. బొటనవేలితో నొక్కితే సాగే కవరు సాధారణంగా పనికొస్తుంది. సాగకుండా చిరిగే మెరుపు ప్యాకెట్లలో వేర్వేరు పదార్థాల పొరలుంటాయి కాబట్టి వాటిని కలపొద్దు. మట్టిలో కలిసిపోతుందని రాసిన కవర్లు చూడ్డానికి ఇలాగే ఉన్నా పదార్థం వేరు, కరిగించిన సరుకును పాడుచేస్తాయి.

అయినా రీసైక్లింగ్ కంటే ముందు మళ్లీ వాడటమే మేలు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, భూతాపంపై ప్రభావం విషయంలో ఒక్కసారి వాడిన పల్చటి హెచ్‌డీపీఈ కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. పాత కవరును చెత్తబుట్టలో పరిస్తే, రీసైకిల్ చేసినదానికంటే ఎక్కువ లాభమని కూడా అందులో తేలింది. కారణం సూటిగానే ఉంది, బుట్ట కోసం కొత్త కవరు కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న నూలు సంచులను చిరిగేదాకా వాడండి, అవి ఉండగా మరొకటి కొనకండి. చేతికొచ్చిన కవరును మాత్రం చిల్లు పడేదాకా సరుకులకు, ఆ తర్వాత పొడి చెత్తకు వాడొచ్చు. వేడి పదార్థాలు మాత్రం అందులో పోయకూడదు.