అమ్మాయి వాళ్ల ఊళ్లో మూడు గంటలు

(కడపలో ఒక ఇల్లు. మధ్యాహ్నం మూడు దాటి పావుగంట. ఓబులేసు ఫోను ముందు, పద్మావతి చింతపండు ముందు కూర్చున్నారు. రెండింటిలో ఆయన ముఖానిదే ఎక్కువ పులుపు.)

ఓబులేసు: మూడింటికి ఫోను చేస్తానంది నీ కూతురు. చేసిందా?

పద్మావతి: చేసింది. పదకొండున్నరకు. మీరు మాంసం అంగడిలో ఉన్నారు.

ఓబులేసు: పదకొండున్నర మూడెలా అవుతుంది?

పద్మావతి: ఇథియోపియాలో పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతారండీ. మనం ఉదయం ఏడు అనేది వాళ్లకు ఒకటి. తొమ్మిది అనేది మూడు. మన లెక్కన అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర.

ఓబులేసు: పాఠాలు చెప్పడానికి అల్లుడికి వేరే దేశమే దొరకలేదా? గడియారం చూడడం రాని దేశం!

పద్మావతి: మీ వెనక గోడకు పంచాంగం వేలాడుతోంది. అందులో రోజు ఎప్పుడు మొదలవుతుంది?

ఓబులేసు: సూర్యోదయానికి. అది శాస్త్రం.

పద్మావతి: మనం చేస్తే శాస్త్రం, అద్దిస్ అబాబా వాళ్లు చేస్తే తెలివితక్కువతనం.

ఓబులేసు: ఏడాదికి 13 నెలలట!

పద్మావతి: ఆ పదమూడోది అయిదారు రోజులే. మన అధిక మాసం నిండు నెల. అందులో ముహూర్తాలు లేవనే కదా మన పెళ్లి వాయిదా వేశారు.

ఓబులేసు: (మెల్లగా) ఇంకో నెల ఉండాల్సింది.

పద్మావతి: వినబడింది.

ఓబులేసు: సరే, వాళ్ల సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. దానికేమంటావు?

పద్మావతి: ఉగాదినాడు మీరు చెవులు రిక్కించి విన్న శాలివాహన శకం 78 ఏళ్లు వెనక. ఆ లెక్కన మీరింకా పుట్టనేలేదు. ఈ కూర ఎవరికి వండుతున్నానో!

ఓబులేసు: అదంతా పోనీ. ఒకే పళ్లెం చుట్టూ చేరి అందరూ చేతులు పెట్టడం, పైగా పక్కవాడి నోట్లో ముద్ద పెట్టడం! ఎంగిలి కాదూ?

పద్మావతి: దాన్ని గుర్షా అంటారట. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమట. మన పెళ్లిలో బువ్వం బంతి మరిచారా? మీ మేనమామ, మా పిన్ని, ఎవరి పిల్లలో తెలియని ఇద్దరు పిల్లలు, అన్ని చేతులూ ఒకే కంచంలో. మీరు పెట్టిన ముద్దకు నాకు ఊపిరాడలేదు.

ఓబులేసు: అది ఆచారం!

పద్మావతి: ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకుంటుంటే ఒక యాత్రికుడు నోరెళ్లబెట్టాడు. బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడపడుచు, వేంకటేశ్వరుడు వాళ్లకు అల్లుడు అని అరగంట చెప్పింది ఎవరు? పాపం, ఆయన బస్సు కూడా వెళ్లిపోయింది.

(ఓబులేసు మీసం సవరించుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆ మీసానికి చాలా పని పడుతుంది.)

ఓబులేసు: పచ్చిమాంసం కూడా తింటారట. దానికీ పంచాంగం ఉందా?

పద్మావతి: కారం, మసాలా వేసి కాచిన వెన్న కలుపుతారట... రుచిగానే ఉంటుందట.

ఓబులేసు: ముఖం చిట్లించావు!

పద్మావతి: చింతపండు పులుపండీ.

(ఇంతలో పక్కింటి రాజమండ్రి ఆవిడ గిన్నె ఇచ్చి వెళ్లింది. పద్మావతి మూత తీసి, వేలితో నాకి చూసింది.)

పద్మావతి: వంకాయ పులుసులో బెల్లం! మనుషులు చేసే పనేనా ఇది?

ఓబులేసు: (పరమానందంగా) వాళ్ల కళ్లతో చూడాలి పద్మా. ఇథియోపియాను అర్థం చేసుకున్నదానివి...

పద్మావతి: ఇథియోపియా వేరు. వీళ్లకు తెలుగు వచ్చు కదా! తెలిసే చేస్తున్నారు.