బీటీ, సీటీ నార్మల్ అయితే హార్మోన్ మాత్రలకు భయం లేదా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. "ఇంట్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నా మెనోపాజ్‌కు హార్మోన్ మాత్రలు నిశ్చింతగా వేసుకోవచ్చు. బీటీ, సీటీ (రక్తం ఆగడానికి, గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్షలు) నార్మల్ అయితే చాలు. గడ్డలు కాళ్లలోనే వస్తాయి, స్ట్రోక్ రాదు. రోజూ ఆస్పిరిన్ వేసుకోండి. మొక్కల హార్మోన్‌కు అసలు భయమే లేదు. చర్మానికి అంటించుకునే హార్మోన్ పట్టీ ఇంకా మంచిది." పంపినవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే. అందుకే ఇంత బాధ.

మొక్క నుంచి తయారుచేసినా ఈస్ట్రడయాల్ (ఈ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్) ఈస్ట్రడయాలే. ఆస్పిరిన్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద; సిరల్లో గడ్డను అల్లేది ముఖ్యంగా ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులు. ఆస్పిరిన్ ఇక్కడ నమ్మదగ్గ కాపలా కాదు.

నా కోపమంతా బీటీ, సీటీ మాట మీద. రక్తం ఆగకుండా కారే గుణం ఉందేమో చూడటానికి చేసే పరీక్షలవి. రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు లోపం ఉన్నా, గడ్డలను అడ్డుకునే ప్రొటీన్ ఎస్ తక్కువైనా అవి నార్మల్‌గానే వస్తాయి. మా పిన్నికీ అలాగే వచ్చాయి. ఆ కాగితం చూసుకుని మాత్రలు మొదలుపెట్టింది. రెండో నెలలో ఎడమ పిక్క వాచింది. సాక్సు తీస్తే దాని అంచు చర్మంలో గాడిలా దిగి ఉంది. బెణికిందనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుంది. నాలుగు రోజులకు ఊపిరాడలేదు. గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరిపోయింది. కాన్పు తర్వాత అమ్మమ్మ కాలు కూడా ఇలాగే వాచిందన్న సంగతి అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కదా! ప్రొటీన్ ఎస్ లోపం తేలింది మాత్రలు మానేసిన చాలా నెలలకు. ఈస్ట్రోజెన్ కూడా ఆ ప్రొటీన్‌ను తగ్గిస్తుంది కాబట్టి ముందే చేస్తే ఫలితాన్ని నమ్మలేం.

ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఉన్నవాళ్లు నోటితో మింగే హార్మోన్ మాత్ర కూడా వేసుకుంటే, రెండూ లేనివాళ్లతో పోలిస్తే సిరల్లో గడ్డల ముప్పు దాదాపు 15 రెట్లని ఒక అధ్యయనం లెక్క. ఇది నిశ్చింతా?

స్ట్రోక్ సంగతి. ఈ లోపాలతో వచ్చే గడ్డలు ఎక్కువగా కాళ్ల సిరల్లోవే, నిజమే. కానీ మెదడుకూ సిరలున్నాయి, అక్కడా గడ్డ కడుతుంది. పైగా నలుగురిలో ఒకరికి గుండె గదుల మధ్య చిన్న రంధ్రం పూడకుండా మిగిలిపోతుంది. కాలిలో పుట్టిన గడ్డ ఆ దారిన మెదడుకు వెళ్లగలదు. జన్యు లోపం సంగతి పక్కనపెట్టినా, 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపిన మాత్రతో స్ట్రోక్‌లు ఏటా 10,000 మందికి 21 నుంచి 29కి పెరిగాయి.

పట్టీ గురించి రాసింది మాత్రం ఒప్పుకుంటాను. మింగిన ఈస్ట్రోజెన్ ముందు లివర్‌కు వెళ్లి, గడ్డకట్టించే ప్రొటీన్లను పెంచుతుంది. చర్మం గుండా వెళ్లేదానికి ఆ దారి తప్పుతుంది. తక్కువ మోతాదు పట్టీతో గడ్డల ముప్పు పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు. వేడి ఆవిర్లతో రాత్రిళ్లు నిద్రలేని ఆడవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయినా ఇంట్లో ఎవరికి, ఏ వయసులో గడ్డ కట్టిందో హెమటాలజిస్టుకు (రక్త జబ్బుల డాక్టరుకు) చెప్పాకే అంటించుకోండి.