శాలువాతో పాటు ఒక వీడియో ఇవ్వండి

కాగితం చూడకుండా ఇరవై నిమిషాలు నవ్విస్తూ మాట్లాడగలిగినవాళ్లు అమెరికాలో మన తెలుగు సంఘంలో నాకు తెలిసే పది మంది ఉన్నారు. వాళ్లలో డబ్బు పుచ్చుకుని మాట్లాడేవాళ్లు ఇద్దరే. మిగతావాళ్ల ఇళ్లల్లో మెమెంటోలు పెట్టుకోవడానికి చోటు లేదు.

నేనూ ఆరేళ్లు ఆ బాపతే. నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో అవతలివాళ్లు ఎన్నిసార్లు "ఆ... ఊ..." అన్నారో లెక్కపెట్టే ఆ-కౌంటర్ పని నుంచి క్లబ్ ప్రెసిడెంట్ దాకా అన్నీ చేశాను. మాట్లాడటం వచ్చింది, డబ్బిచ్చి పిలిచేవాళ్లే రాలేదు. ఒకరోజు ఉద్యోగాల సైటు లింక్డిన్‌లో నా ప్రొఫైల్‌ని పరాయిదానిలా చూసుకుంటే సంగతి తెలిసింది. పేరు కింద "సీనియర్ ప్రోగ్రామ్ మేనేజర్, పీఎంపీ, సీఎస్‌ఎం" అని నా హోదా, సర్టిఫికెట్లు ఉన్నాయి. నేను మాట్లాడతానన్న మాటే లేదు. ఎప్పుడో ఉద్యోగం వెతుక్కుంటూ పెట్టిన రెజ్యూమే, పెళ్లిళ్ల పేరయ్య సంచిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన ఫొటోలా అలాగే పడి ఉంది.

మనవాళ్లకి లింక్డిన్ అంటే అంతే. లేఆఫ్ పుకారు వినగానే తెరుస్తాం, ఆఫర్ లెటర్ రాగానే మూసేస్తాం. 2003లో మొదలైన ఈ సైటుని మైక్రోసాఫ్ట్ 2016లో 2,620 కోట్ల డాలర్లు పెట్టి ఊరికే కొనలేదు. ఏ కంపెనీలో ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారో దానికి తెలుసు. స్పీకర్‌కి కావలసిందీ ఆ సమాచారమే.

రోజుకో పోస్టు పెట్టు, లైకులు పెరిగితే పిలుపులు అవే వస్తాయని చెప్పేవాళ్లతో నాకు ఇక్కడే పేచీ. నేను చూసినంతలో లైకు కొట్టేది నాలాంటి మరో స్పీకరే. చెక్కు రాసేవాళ్లు వేరు: కాన్ఫరెన్స్ ప్రోగ్రామ్ చైర్, కంపెనీలో ట్రైనింగ్ బడ్జెట్ చేతిలో ఉన్న మేనేజరు, ఏషియన్ ఉద్యోగుల గ్రూపు నడిపే అమ్మాయి. వీళ్లు మన పేరు వెతికి, రెండు నిమిషాలు చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు. ఆ రెండు నిమిషాల్లో ఏం కనిపిస్తుందన్నదే అసలు వ్యాపారం.

పేరు కింద కనిపించే హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తారు. నాది ఇప్పుడు ఒకటే వాక్యం: టెక్నికల్ విషయాన్ని బోర్డు రూముకి అర్థమయ్యేలా చెప్పడం ఇంజనీర్లకి నేర్పుతాను. దాని కింద, మనం ఎంచి చూపించుకునే ఫీచర్డ్ భాగంలో ఒక్క వీడియో, అందులో జనం నవ్వు వినపడాలి. శాలువాతో గ్రూప్ ఫొటో అక్కర్లేదు.

ఆ వీడియో దగ్గరే మన సంఘాల మీద నా ఫిర్యాదు. డబ్బు ఇవ్వలేరు, సరే. కానీ మెమెంటోకి పెట్టే ఖర్చుతో ఒక మంచి క్లిప్పు తీయించి ఇవ్వొచ్చు కదా? మర్నాడు ప్రోగ్రామ్ కమిటీ తరఫున లింక్డిన్‌లో నాలుగు వాక్యాల రికమెండేషన్ రాయొచ్చు కదా? దానికి పైసా ఖర్చు లేదు.

ఇక అడగడం. మే నెల ఏషియన్ అమెరికన్ హెరిటేజ్ మాసం, చాలా పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల గ్రూపులు స్పీకర్ల కోసం వెతుకుతాయి. ఏప్రిల్‌లో మెసేజ్ పెడితే ఏం మిగలదు, నేను ఫిబ్రవరిలో పెడతాను. మూడే వాక్యాలు: పోయినేడు మీరు పెట్టిన ప్యానెల్ గురించి చదివాను, ఈ విషయం మీద నలభై నిమిషాలు మాట్లాడతాను, వీడియో ఇదిగో. (మేలో చీర కట్టుకుని రమ్మని, జూన్ నుంచి మనల్ని మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ గొడవ ఇంకోసారి.) హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం ఫీజు మాటెత్తే ముందు లాయర్‌ని అడగండి. ఆ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీ ఉద్యోగానికే, పక్క సంపాదనకి కాదు.

ఫీజెంత అని మొదటిసారి ఫోన్‌లో అడిగినప్పుడు "మీ ఇష్టం" అన్నాను. వాళ్ల ఇష్టం యాభై డాలర్ల గిఫ్ట్ కార్డు అయింది. రెండోసారి అంకె చెప్పి ఊరుకున్నాను. అవతల నిశ్శబ్దం. తగ్గిస్తానని నోటి చివరిదాకా వచ్చింది. మ్యూట్ నొక్కేశాను.

"ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద పంపుతారు?" అంది ఆవిడ.