ఫెడరల్ అయింది సరే, స్టేట్ మాటేమిటి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ రాష్ట్రానికి ఆదాయపు పన్ను రిటర్న్ అనే మాటే మన చెవిన పడదు. మన దేశంలో ఆదాయపు పన్ను కేంద్రానిది. వ్యవసాయ ఆదాయం మీద మాత్రమే రాష్ట్రాలకు ఆ హక్కు ఉంది. జీతంలో రాష్ట్రం కోసుకునేది నెలకు 200 రూపాయల వృత్తి పన్ను, అదీ కంపెనీయే కట్టేస్తుంది. ఈ అలవాటుతోనే అమెరికా విమానం ఎక్కుతాం. ఏప్రిల్ 15 లోపు ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వపు, రిటర్న్ వేసి, అమ్మయ్య అనుకుంటాం. కానీ అమెరికాలో చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపు పన్ను ఉంది, అది కొత్తదేమీ కాదు. ఫెడరల్ ఆదాయపు పన్నుకు 1913లో రాజ్యాంగ సవరణ దారి వేస్తే, విస్కాన్సిన్ 1911లోనే తన చట్టం చేసుకుంది.

టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడా, టెనెసీ వంటి తొమ్మిది రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. మిగతా చోట్ల రిటర్న్ వేయాల్సిన వాళ్లు మూడు రకాలు: ఏడాదంతా అక్కడే ఉన్నవాళ్లు, మధ్యలో వచ్చినవాళ్లో వెళ్లినవాళ్లో, అక్కడ నివసించకపోయినా అక్కడ సంపాదించినవాళ్లు. ఎంత ఆదాయం దాటితే వేయాలన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. న్యూజెర్సీలో ఒంటరి వ్యక్తికి ఆ గీత 10,000 డాలర్లు. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో 33 డాలర్లు! అచ్చుతప్పు కాదు. అక్కడి పన్ను 3.07 శాతం, 33 డాలర్లు దాటితే ఒక డాలర్ పన్ను తేలుతుంది, అందుకని. 33 డాలర్లంటే ఇద్దరు స్నేహితులు బయట బిర్యానీ తిన్నంత ఖర్చు.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ప్రాజెక్టుల వెంట ఊళ్లు మారేటప్పుడు. ఒక ఇంజనీరును ఊహించుకుందాం. జూన్ దాకా నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో క్లయింట్ దగ్గర పనిచేశాడు, జులైలో టెక్సస్‌లోని డల్లాస్‌కు మారాడు. కంపెనీ ఆఫీసు న్యూజెర్సీలో. పేరోల్‌లో ఉన్న ఆ ఆఫీసు చిరునామాను మార్చమని అతను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చింది. అందులో 15వ గడిలో రాష్ట్రం పేరు, 16లో ఆ రాష్ట్రపు జీతం, 17లో కోసిన పన్ను ఉంటాయి. పదిహేనులో ఉన్నది ఒక్క న్యూజెర్సీయే. ఇప్పుడతను టెక్సస్‌కు ఏమీ వేయనక్కర్లేదు. నార్త్ కరోలినాకు మాత్రం ఆర్నెల్ల నివాసిగా రిటర్న్ వేసి, పన్ను చేతి నుంచి కట్టాలి. అడుగు పెట్టని న్యూజెర్సీకి నాన్ రెసిడెంట్‌గా రిటర్న్ వేసి, పోయిన డబ్బు వెనక్కి అడగాలి. డబ్ల్యూ-2లో ఉన్న రాష్ట్రానికే రిటర్న్ వేసి ఊరుకున్నవాడు రెండు చోట్లా తప్పు చేసినట్టే.

ఇది కనీసం న్యాయమైన చిక్కు. న్యూయార్క్‌ది అదీ కాదు. అక్కడి కంపెనీ ఉద్యోగి తన వీలు కోసం వేరే రాష్ట్రంలో ఇంటి నుంచి పనిచేస్తే, ఆ రోజుల జీతం కూడా న్యూయార్క్‌లో సంపాదించినట్టే లెక్క అంటుంది. కనెక్టికట్‌లోని తన ఇంట్లో పనిచేసిన రోజులకు పన్ను ఎందుకని ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే లా ప్రొఫెసర్ పోరాడి, 2003లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయారు. పన్నుల చట్టం చదివినాయనకే దిక్కు లేకపోతే ఫ్లోరిడాకు ఇల్లు మార్చుకుని మన్‌హాటన్ కంపెనీకి పనిచేసే మనవాడి సంగతి చెప్పేదేముంది? న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మధ్య ఒప్పందం ఉంది కాబట్టి నది దాటి పనికెళ్లినా జీతానికి సొంత రాష్ట్రంలో పన్ను కడితే చాలు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రోజూ రైలెక్కి న్యూయార్క్ వెళ్లేవాళ్లకు ఆ అదృష్టం లేదు. న్యూయార్క్‌లో ఒక రిటర్న్, అక్కడ కట్టినదానికి క్రెడిట్ (అంటే ఆ మేరకు పన్ను తగ్గింపు) అడుగుతూ న్యూజెర్సీలో ఒకటి. వేరే రాష్ట్రంలో ఏడాదికి 30 రోజుల్లోపు పనిచేసేవాళ్లను వదిలేయాలన్న బిల్లు ప్రతినిధుల సభ దాటినా సెనేట్ దాటలేదు. వచ్చే ఆదాయాన్ని ఏ రాష్ట్రం వదులుకుంటుంది?

ఇక గుంటూరు బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్. ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునేది) వడ్డీకి పన్ను లేదని మేనేజర్ చెప్పింది ఇండియా వరకే నిజం. కాలిఫోర్నియా నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ రాష్ట్రానికి లెక్క చెప్పాలి. ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులు ఇండియాలోని ఆదాయం వేసుకునేది) వడ్డీ మీద ఇండియాలో 30 శాతం టీడీఎస్ పోయినా ఆ క్రెడిట్ ఫెడరల్ రిటర్న్‌లోనే దొరుకుతుంది, కాలిఫోర్నియా ఇవ్వదు, న్యూజెర్సీ కూడా ఇవ్వదు. ద్వంద్వ పన్ను ఒప్పందం చేసుకున్నవి ఢిల్లీ, వాషింగ్టన్ డీసీ. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో కాదు.

రిటర్న్ వేస్తే, దాన్ని తిరగదోడడానికి రాష్ట్రానికి కొన్నేళ్ల గడువే ఉంటుంది. అసలు వేయకపోతే ఆ గడువు మామూలుగా మొదలే కాదు. నోటీసు ఎప్పుడో నింపాదిగా పాత అపార్ట్‌మెంట్ చిరునామాకు వెళ్తుంది. పోస్టాఫీసు మామూలుగా ఉత్తరాలను కొత్త చిరునామాకు పంపేది 12 నెలలే. పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 దరఖాస్తులో గడువు దాటిన పన్ను బకాయిలున్నాయా అన్న ప్రశ్న ఉంది. అందులో ఫెడరల్ పక్కనే స్టేట్ అని కూడా రాసి ఉంటుంది.