సవరణ: కర్ణుడి దానగుణం గురించి

"కర్ణుడు దానం చేసి చచ్చాడు" అని మొన్నటి పోస్టులో రాసిన వాక్యాన్ని మన పర్లాకిమిడి (ఒడిశా) వాళ్లు కొందరు "మంచితనం పనికిరాదు" అన్నట్టు చదివారు. నా ఉద్దేశం అది కాదు. ఆ వాక్యం ఇప్పుడిలా ఉంటుంది: "ఇచ్చిన మాట తప్పలేని గుణమే అతని రక్షణలన్నీ ఒక్కొక్కటిగా ఊడ్చింది."

కవచకుండలాలు తెలియక పోగొట్టుకోలేదు. ఇంద్రుడు వాటిని అడగడానికి వస్తాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. బదులుగా ఇంద్రుడి దగ్గర శక్తి అనే ఆయుధం పుచ్చుకున్నాడు, అదీ ఒక్కసారికే. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధం, కురుక్షేత్ర యుద్ధం 14వ రోజు రాత్రి కౌరవసేన మొరపెట్టుకుంటే ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. కుంతికిచ్చిన మాట కోసం చేతికి చిక్కిన భీముణ్ణీ, ధర్మరాజునీ వదిలేశాడు.

కర్ణుడు మహేంద్రగిరి మీద పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్న సంగతి ఆ పోస్టులో ఒక్క ముక్కలో తేల్చేశాను. పరశురాముడు ఉన్నది మన గజపతి జిల్లా కొండ మీదేనని ఇక్కడి నమ్మకం కదా, ఇంకాస్త చెప్పాలి. గురువు కర్ణుడి ఒడిలో తలపెట్టి నిద్రపోతుంటే, పురుగు తొడ తొలిచినా అతను కదల్లేదు. ఆ ఓర్పే పట్టించింది: బ్రాహ్మణుడికి ఇంత సహనం ఎక్కడిది? అవసరానికి బ్రహ్మాస్త్రం గుర్తురాదని శాపం. బ్రాహ్మణుణ్ణని బొంకింది మాత్రం కర్ణుడే, దాన్ని గుణాల్లో కలపలేం.

ద్రౌపదిని సభలో అన్న మాటలూ అంతే. అక్కడ నాకు జాలి లేదు. "కర్ణుడి చావుకి వెయ్యి కారణాలు" అని సామెత గుర్తుచేసిన పెద్దాయనకి: నిజమేనండీ, కానీ అందులో చాలావాటికి తాళం అతని చేతిలోనే ఉంది.