రెడ్ అలర్ట్ అంట, సివిల్ డ్రెస్‌లో రమ్మంట

ఇప్పుడే పాప స్కూలు గ్రూపులో మెసేజ్ పడింది. "రేపు టెన్త్ విద్యార్థులకు స్టడీ అవర్స్ యథావిధిగా జరుగును. యూనిఫాం వద్దు, సివిల్ డ్రెస్‌లో రావలెను. వ్యాన్ సౌకర్యం లేదు." భారీ వానలకి రెడ్ అలర్ట్ ఇచ్చారని నెల్లూరు జిల్లా మొత్తం స్కూళ్ళకి సెలవని కలెక్టర్ గారు ప్రకటించి గంట కూడా కాలేదు. యూనిఫాం ఎందుకు వద్దన్నారో చెప్పనక్కర్లేదుగా? దారిలో ఏ అధికారైనా ఆపి అడిగితే, చుట్టాలింటికి పోతున్నామని చెప్పుకోడానికి! దాని కింద తల్లిదండ్రులు వరసపెట్టి "ఓకే సార్", "థాంక్యూ సార్". ఒకావిడైతే దండాలు పెట్టే బొమ్మలు మూడు పెట్టింది. దేనికమ్మా దండాలు? పిల్లని వానలో నడిపిస్తున్నందుకా?

పొద్దున ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి బుయ్యిమని మోగితే మా ఆయన చేతిలో కాఫీ లుంగీ మీద పడింది. అంత సీరియస్ అలర్ట్ అది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే ఇక రంగంలోకి దిగండి. రెడ్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటి వాన పడొచ్చని లెక్క. సరే, దిగాం. మోటర్ వేసి ట్యాంకు నింపాం, కొవ్వొత్తులు తెచ్చాం, ఆధార్ కార్డులూ పట్టాదారు పాస్‌బుక్కూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాం. మా వంతు అయిపోయింది. అవతలి వాళ్ళ వంతు? వీధి చివర కాలవలో గుర్రపుడెక్క అట్టనే ఉంది, దాని మీద కొంగలు నడుస్తున్నాయి.

చట్టం లేక కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకి పెద్ద కలెక్టరే. సరైన కారణం లేకుండా ఆ ఆదేశాన్ని కాదంటే 51వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. లేనిపోని హెచ్చరికలతో జనాన్ని హడలగొడితే 54 కింద, అదీ ఏడాది వరకు. "డ్యాం గేట్లు ఎత్తేశారంట" అని వాట్సాప్‌లో వాగిన కుర్రాడికి స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. సివిల్ డ్రెస్ సార్లకి ఎప్పుడన్నా వచ్చిందా? వస్తే చెప్పండి, స్వీట్లు పంచుతా.

టీవీ వాళ్ళ సంగతి సరేసరి. బీచ్‌ల వైపు ఎవరూ రావద్దని ఒక రిపోర్టరు మైపాడు బీచ్‌లో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చెబుతుంటాడు. నువ్వెందుకు పోయావు నాయనా? మా అత్త అదంతా చూసి, "89లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినోళ్ళం, ఇదేం వాన" అని వక్కాకు వేసుకుంటుంది. ఆమెతో ఇంకో తలనొప్పి.

డ్యాం గేట్లంటే గుర్తొచ్చింది. 2021 నవంబర్ మర్చిపోతామా? పైన రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల డ్యాంకి 5 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, పెన్నమ్మ కోవూరు మీద పడింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, దామరమడుగు దగ్గర హైవే తెగింది. ఊరంతా చూసిన సంగతే. చెప్పేదేందంటే, ఆ రాత్రి మా వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలుతున్నాక మైకు ఆటో వచ్చింది. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను." ఎంత అప్రమత్తంగా ఉన్నామంటే, మంచం మీద కుర్చీ వేసుకుని, దాని మీద అత్తని కూర్చోబెట్టి వింటున్నాం.

ఆ భయంతోనే మొన్న మొంథా తుపానుకి ఎవరూ చెప్పకముందే ఇల్లు తాళం వేసి నెల్లూరులో మా ఆడబిడ్డ వాళ్ళ మేడ మీదికి పోయాం. బుద్ధిగా, ప్రభుత్వానికి బరువు కాకుండా. తిరిగొస్తే మంచాలు తడిసిపోయున్నాయి, బియ్యం డబ్బాలో నీళ్ళు. సాయం ఎవరికి? పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్ళకి. మనిషికి వెయ్యి, కుటుంబానికి 3 వేలు మించకుండా. లిస్టు పట్టుకొచ్చిన అబ్బాయిని అడిగితే, "మీరు కేంద్రానికి రాలేదు కదక్కా, ఫొటో లేదు" అన్నాడు. మరి మా మంచాలు తడిసింది ఫొటో తీసుకోరాదా అంటే నవ్వాడు. మూడు వేల కోసం కాదు నా ఏడుపు. కేంద్రంలో మనిషి ఉంటేనే వరద వచ్చినట్టా?

మా అత్తకి మాత్రం విషయం బాగా అర్థమైంది. ఈసారి పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకుంది. ఎందుకత్తా అంటే ఫొటోకి అంటోంది.